చిన్న చేతులకు నిజమైన పని



కొంతకాలం క్రితం మా పిల్లల కార్యక్రమంలో ఒక చిన్న ప్రశ్న వేశాము. "ఈ వారంలో మీరు చేసిన మంచి పని ఏమిటి? కార్డు మీద వ్రాసి పంపండి" అన్నాము. పది రోజులు తిరిగేసరికి మా బల్లమీద ఉత్తరాలు గుట్టగా పడినవి. ఎంతో సంతోషంతో చదవడం ప్రారంభించాము. పాతిక కార్డులు పూర్తి అయ్యేసరికి మాకొక అనుమానం కలిగినది. ఇంచుమించు ప్రతి కార్డులోను చూపులేని ఒక వృద్ధుడు రోడ్డు దాటుతున్నాడు! మా ప్రసార పరిధిలో అంతమంది చూపులేని వృద్ధులు ఉండడం, వారందరూ ఆ వారంలోనే రోడ్డు దాటవలసి రావడం, దాటబోయే చోట మా బాలశ్రోత ఒకడు సిద్ధంగా నిలిచి ఉండడం అంత సులభంగా నమ్మదగిన సంగతి కాదు.

పిల్లలు అబద్ధమాడినారని మేము నిందించడం లేదు. పెద్దలు ఏ జవాబు కోరుతున్నారో పసిగట్టి, ఆ జవాబునే చక్కని దస్తూరితో వ్రాసి ఇవ్వడం వారికి బడిలో అబ్బిన విద్య. మంచి పని అనగానే పాఠ్యపుస్తకాలలో కనిపించే బొమ్మ అదే కనుక వారూ అదే వ్రాశారు. లోపం వారి జవాబులో లేదు, మా ప్రశ్నలో ఉన్నది.

అయితే ఆ గుట్టలోనే మరొక జాతి ఉత్తరాలు ఏడెనిమిది దొరికినవి. ఒక బాలుడు తమ పక్కవాటాలోని మామ్మగారి మందుల డబ్బా ముందువేసుకొని కూర్చున్నాడట. మాత్రల అట్టలమీద అచ్చువేసిన గడువు తేదీలు ఆమె కంటికి ఆనవు. అతడు ఒక్కొక్కటి చదివి, కాలం చెల్లినవి ఏరి వేరుపెట్టాడు. మూడు అట్టలు తేలినవి. అందులో ఒకటి ఆమె రోజూ వేసుకొంటున్న మాత్రే. మరొక బాలిక తమ బడిలో చుక్కచుక్కగా కారుతున్న కొళాయి క్రింద ఉదయం గంట కొట్టేటప్పుడు ఒక బకెట్టు పెట్టినది. సాయంకాలానికి అది నిండినది. ఆ బకెట్టును ఇద్దరు స్నేహితురాండ్రతో కలిసి మోసుకొని పోయి, ప్రధానోపాధ్యాయుల గది గుమ్మంలో దింపి, ఒక్క మాటైనా చెప్పకుండా వచ్చివేసినది. మరునాడు కొళాయికి కొత్త వాషరు పడినదట. ఇంకొక కుర్రవాడి తరగతిలో ఒడిషానుండి ఇటుక బట్టీ పనికి వచ్చిన కుటుంబంవారి పిల్లవాడు కొత్తగా చేరాడు. భాష రాదు కనుక ఎవరూ అతనితో మాట్లాడరు. మన కుర్రవాడు రోజుకు పది తెలుగు మాటలు అతనికి నేర్పి, పది ఒడియా మాటలు తాను నేర్చుకొంటున్నాడట. "వాడికి నాకంటె త్వరగా వస్తున్నవి" అని కాస్త చిన్నబుచ్చుకొని వ్రాశాడు.

ఈ పిల్లలకు ఆ పనులు ఎవరు చెప్పారు? పుస్తకం చెప్పలేదు, మేమూ చెప్పలేదు. తమ కంటి ఎదుట, తమ చేతికి అందేంత దూరంలో, తాము మొదలుపెట్టి తామే ముగించగలిగిన పనిని వారే చూచుకొన్నారు. ఈ ప్రసంగంలో మేము మనవి చేయదలచినది ఈ సంగతే. పిల్లవాడికి మంచితనంపై ఉపన్యాసం ఇవ్వడం సులభం. ఒక నిజమైన పనిని పూర్తిగా అతని చేతికి విడిచిపెట్టడం పెద్దలమైన మనకు చాల కష్టంగా ఉన్నది.

పరులకు సాయపడాలనే కోరిక పిల్లలకు మనము పోసే ఉగ్గు కాదు. అది వారితోనే పుట్టి పెరుగుతున్నదని చూపే పరిశీలనలు ఉన్నవి. జర్మనీలో వార్నెకెన్, టొమసెల్లో అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 2006లో పద్దెనిమిది నెలల పసివారిముందు ఒక చిన్న పరీక్ష జరిపారు. అపరిచితుడైన ఒక పెద్దమనిషి బట్టలు ఆరవేస్తూ క్లిప్పు జారవిడుస్తాడు, అందుకోలేక చేయి చాస్తాడు. ఎవరూ అడుగకుండానే పసివారు పాకుతూనో నడుస్తూనో వెళ్ళి ఆ క్లిప్పును తెచ్చి అందించారు. అదే మనిషి కావాలని క్లిప్పును విసరివేసినప్పుడు అంతగా పట్టించుకోలేదు. అంటే అవసరమేదో ఆటయేదో ఏడాదిన్నర బిడ్డకే తెలుస్తున్నదన్న మాట! ఆ ఇద్దరే 2008లో మరొక సంగతి గమనించారు. సాయపడిన ప్రతిసారి ఒక ఆటవస్తువు బహుమానంగా పొందిన పిల్లలు, తరువాత బహుమానం ఆగిపోగానే సాయపడడం తగ్గించినారు. ఏమీ పొందనివారు ముందటివలెనే సాయపడుతూ వచ్చారు. మార్కులు, పతకాలు, ఛాయాచిత్రాలు ఆశచూపి మంచి పనులు చేయించే మన వాడుకను గురించి ఇది విన్న తరువాత కొంచెం ఆలోచించవలసి ఉన్నది. కార్యక్రమంలో పేరు చదువుతామని ఆశపెట్టి కార్డులు వ్రాయించుకొన్న మేము ఈ విషయంలో మొదటి ముద్దాయిలము.

మరి పుట్టుకతో వచ్చిన ఈ బుద్ధి మధ్యలో ఎక్కడ పోతున్నది? జవాబు మన వంటింటిలోనే దొరుకుతుంది. మూడేండ్ల పిల్ల మంచినీళ్ళ గ్లాసు తాతగారికి తాను తీసుకొని వెళతానంటుంది. "వద్దమ్మా, ఒలకపోస్తావు, పక్కకు జరుగు" అంటాము. చీపురు పట్టుకొంటే లాగివేస్తాము. చిక్కుడుకాయలు ఈనెలు తీయడానికి కూర్చుంటే, తీసినంతసేపు తీయనిచ్చి, ఆపైన ఆ పిల్ల కళ్ళముందే మళ్ళీ మనము తీస్తాము. ఇట్లు పదేండ్లు గడిచిన తరువాత అదే పిల్లను పట్టుకొని "ఒక్క పనీ ముట్టదు, ఎప్పుడూ ఆ ఫోను పట్టుకొని కూర్చుంటుంది" అని వచ్చినవారందరితో మొరపెట్టుకొంటాము. ముట్టవద్దని పదేండ్లు శిక్షణ ఇచ్చినది మనమే.

ఇటలీ దేశపు విదుషి మరియా మాంటిస్సోరి ఈ పొరపాటును బాగా గ్రహించినది. 1907 జనవరిలో రోము నగరంలోని సాన్ లొరెంజో అను పేదవాడలో ఆమె మొదటి శిశుగృహాన్ని తెరచినది. అక్కడ బల్లలు, కుర్చీలు, చేటలు, చీపుళ్ళు అన్నీ పిల్లల కొలతకు తగినట్లు చేయించినది గాని, పాత్రలు మాత్రం ఉత్తుత్తి పాత్రలు కావు. నిజమైన గాజు గ్లాసులు, నిజమైన పింగాణీ పళ్ళాలు. నాలుగేండ్ల పిల్లలు వాటిలోనే తోటివారికి భోజనం వడ్డించేవారు. పగిలే వస్తువు చేతిలో పెడితేనే చేయి జాగ్రత్త నేర్చుకొంటుందని ఆమె అభిప్రాయం. ఆమె 1939లో దివ్యజ్ఞాన సమాజంవారి ఆహ్వానంపై మద్రాసులోని అడయారుకు వచ్చినది. యుద్ధం కారణంగా 1946 వరకు మన దేశంలోనే ఉండిపోయి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది. నేడు మన పట్టణాలలో ఆమె పేరు పెట్టుకొన్న బడులకు లోటు లేదు. వాటిలో ఎన్ని చోట్ల నాలుగేండ్ల బిడ్డ చేతికి గాజు గ్లాసు ఇస్తున్నారో తల్లిదండ్రులే చూచి చెప్పాలి.

పనిని అప్పగించడం వేరు, పనిలో పాల్గొనజేయడం వేరు. ఈ భేదం మాకు ఆలస్యంగా తెలిసినది. 1950లో కె. ఎం. మున్షీగారు వనమహోత్సవాన్ని ప్రారంభించిన నాటినుండి జూలై నెలలో మొక్కలు నాటడం మన బడులకు ఒక పండుగ. అట్టి పండుగకు ఒక ఏడు మేము ధ్వనిముద్రణ పరికరాలతో ఒక గ్రామానికి వెళ్ళాము. పిల్లలు వరుసకట్టి నిలిచారు. వేప, కానుగ మొక్కలు యాభై దాకా నాటారు. పాట పాడారు. ఒక పాప "చెట్టు మన ప్రాణం" అని చక్కగా మాట్లాడినది. మేమూ నాలుగు మంచి మాటలు చెప్పి, అన్నిటిని ముద్రించుకొని వచ్చి, ప్రసారం చేసి, మంచి కార్యక్రమం చేశామని సంతోషించాము.

మరుసటి ఏప్రిల్‌లో వేరొక పనిమీద ఆ దారిన వెళుతూ బడిలోకి తొంగిచూచాము. గోతులు ఉన్నవి, కట్టిన కంపలు ఉన్నవి, మొక్కలు లేవు. నాటిననాడు అందరూ నాటారు. నీరు పోయవలసిన వారు ఎవరన్న ప్రశ్న ఆనాడు ఎవరికీ తట్టలేదు, మాకు అసలే తట్టలేదు. మొక్కకు మొదటి రెండు వేసవులు గడిస్తే గాని సొంత కాళ్ళమీద నిలబడే శక్తి రాదు. మేము పండుగ చేసినది ఒక్క పూట.

వంటపాక వెనుక మాత్రం ఒక వేపమొక్క మోకాలెత్తున నిలిచి ఉన్నది. వంట చేసే అమ్మను అడిగాము. "ఒక పిల్లోడు మధ్యాహ్నం తిన్నాక చేయి కడిగే నీళ్ళు ఇక్కడికి వచ్చి పోస్తాడండి. మిగతావాళ్ళకూ అదే చెప్పాడు, ఇక్కడే కడుక్కోండిరా అని. సెలవులప్పుడు కూడా వాడొచ్చి చెంబుతో పోసిపోతాడు" అన్నది. ఆ పిల్లవాడు జూలైలో వరుసలో నిలిచినవాడు కాడట. ఆలస్యంగా వచ్చినందుకు ఆనాడు అతనిని బయట నిలబెట్టారట. ధ్వనిముద్రణ యంత్రం మళ్ళీ తెరవాలని మాకు ఒక క్షణం అనిపించినది గాని, తెరవలేదు. అతని పేరు రేడియోలో చెప్పి ఆ చేయికడిగే నీళ్ళను ఒక పతకంగా మార్చడం మాకు ఇష్టం లేకపోయినది.

యాభైమంది కలిసి యాభై మొక్కలు నాటితే అవి ఎవరివీ కావు. ఒక పిల్లవాడికి ఒక మొక్క చూపి "ఇది నీది, బ్రతికినా చచ్చినా నీ చేతిలో ఉన్నది" అంటే కథ వేరుగా నడుస్తుంది. అప్పుడు చచ్చిపోవడానికి కూడా అవకాశం ఇవ్వవలసి ఉంటుంది. రాత్రివేళ తండ్రి రహస్యంగా లేచి నీరు పోసి కాపాడితే పని తండ్రిది అవుతుంది.

పిల్లల చేతిలో పెట్టిన పని ఎంత పెద్దది కాగలదో చూపే ఒక ఉదాహరణ చెబుతాము. 1979ని ఐక్యరాజ్య సమితివారు అంతర్జాతీయ శిశు సంవత్సరంగా ప్రకటించారు. ఆ సందర్భం కొరకు లండనులో డేవిడ్ మోర్లీ అను శిశువైద్యుడు, హ్యూ హాస్ అను విద్యావేత్త తమ సహచరులతో కూడి ఒక ఆలోచన చేశారు. పేద దేశాలలో తల్లి పనికి వెళితే పసిబిడ్డను ఎత్తుకొని తిరిగేది ఎవరు? ఎనిమిదేండ్ల అక్క, తొమ్మిదేండ్ల అన్న. అట్లయితే ఆరోగ్య పాఠం పెద్దలకు మాత్రమే చెప్పడమెందుకు? ఆ అక్కకే చెబుదాము అనుకొన్నారు. బిడ్డనుండి బిడ్డకు అనే అర్థం వచ్చే పేరుతో ఆ ఉద్యమం ఎన్నో దేశాలకు ప్రాకినది. దాని పద్ధతి చాల సాదాగా ఉంటుంది. బడిలో ఒక విషయం తెలుసుకొంటారు. తమ ఇండ్లలో, తమ వీధిలో అది ఎట్లున్నదో స్వయంగా చూచి వస్తారు. ఏమి చేయవచ్చునో తామే కూర్చొని నిర్ణయించుకొని, చేసి, ఫలితం ఏమైనదో మళ్ళీ బడికి వచ్చి చెప్పుకొంటారు.

ఈ పద్ధతికి ఒక చక్కని పరికరం మెక్సికో దేశపు కొండపల్లెలలో తయారైనది. అక్కడ డేవిడ్ వెర్నర్ అను ఆయన గ్రామ ఆరోగ్య కార్యకర్తలతో కలిసి పనిచేసేవాడు. పరికరమంటే ఏమీ లేదు, మన ఇండ్లలో విత్తనాలు దాచుకొనే సొరకాయ బుర్ర వంటిదే. దానిమీద పసిబిడ్డ ముఖం గీస్తారు. క్రింద ఒక చిల్లు పొడిచి బిరడా బిగిస్తారు. పైన మాడు ఉండే చోట వెడల్పుగా కోసి, నిండా నీరు నింపి, తడిగుడ్డ కప్పుతారు. ఇప్పుడు బిరడా తీసివేస్తే ఆ బిడ్డకు విరేచనాలు పట్టినట్లు. నీరు కారేకొలది పైనున్న తడిగుడ్డ లోనికి కుంగిపోతుంది. మాడు లోతుకు పోవడమంటే ఏమిటో పిల్లలు కంటితో చూస్తారు. "ఈ బుర్ర ఎండిపోకుండా ఉండాలంటే ఏమి చేయాలి?" అని అడిగితే, ఏ దేశపు పిల్లవాడైనా చెప్పే జవాబు ఒక్కటే: పోయినంత నీరు మళ్ళీ పోయాలి.

ఈ జవాబు చెప్పడానికి వైద్యవిద్య అక్కరలేదు. కాని మన ఇండ్లలో పెద్దవారు తరతరాలుగా దీనికి సరిగా వ్యతిరేకం చెబుతూ వచ్చారు. విరేచనాలు పట్టిన బిడ్డకు నీరు పడితే ఎక్కువవుతుందని నాలుక పిడచకట్టేదాకా ఊరకుండేవారు. ఇప్పటికీ ఆ మాట అక్కడక్కడ వినబడుతూనే ఉన్నది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకులు తలదాచుకొన్న బన్‌గావ్ శిబిరంలో విరేచనాల వ్యాధి విజృంభించినప్పుడు, సూదిమందుగా ఎక్కించే ద్రవం చాలక, డాక్టరు దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, లవణాలు కలిపిన నీటిని డ్రమ్ములలో పెట్టించి, రోగుల బంధువులచేతనే త్రాగించాడు. నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగుకు లోపుగా తగ్గినవి. బంధువుల చేతులే అక్కడ ఆసుపత్రి అయినవి.

కనుక ఇంటిలో పదేండ్ల పిల్లలుంటే ఈ కొలత వారిచేత కంఠస్థం చేయించండి. కాచి చల్లార్చిన ఒక లీటరు నీటికి టీ చెంచాతో పంచదార ఆరు చెంచాలు, ఉప్పు అర చెంచా. చెంచాలను గోపురంగా నింపరాదు, అంచుకు సమంగా కొలవాలి. ఉప్పు మోతాదు మించితే ప్రమాదం కనుక కలిపినవారు మొదట రుచి చూడాలి. కన్నీటికంటె ఉప్పగా ఉండరాదు. ఆశా కార్యకర్త ఇచ్చే పొట్లం ఉంటే ఇంకా మంచిది. కళ్ళు లోతుకు పోయినా, నోరు ఎండినా, మూత్రం తగ్గినా, బిడ్డ మత్తుగా ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొని పోవాలి. ఇది వింటున్న అన్నలు కూడ నేర్చుకోవాలని ప్రత్యేకంగా చెబుతున్నాము. అక్కలు ఎట్లాగూ నేర్చుకొంటారు.

ఇంత పెద్ద పని కాకపోయినా మన పట్టణపు ఇండ్లలో పిల్లలకు అప్పగించదగినవి కొల్లలు. కోతల కాలంలో పొలంనుండి తెచ్చిన వరికంకులను కుచ్చుగా అల్లి పిచ్చుకలకోసం చూరుకు కట్టడం మన పల్లెలలో పాత ఆచారం. చూరు లేని ఇండ్లలో బాల్కనీ ఉన్నది. వేసవిలో అక్కడ ఒక మట్టి మూకుడు పెట్టి, రోజూ కడిగి నీరు మార్చే బాధ్యత ఒక పిల్లవాడిది కావచ్చును. కడగకుండా వదిలితే దోమలు పెరుగుతవి కనుక ఇందులో కొంత క్రమశిక్షణ కూడ ఉన్నది. వీధి చివర చలివేంద్రంలో ఒక గంటసేపు గ్లాసులు అందించవచ్చును.

చెత్త సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. 2016 నాటి నియమాలు తడి చెత్తను, పొడి చెత్తను ఇంటిలోనే వేరుచేయాలని చెప్పినవి. మా సహోద్యోగి ఒకరి ఇంట పదేండ్ల అమ్మాయి ఈ భారం తలకెత్తుకొన్నది. రెండు డబ్బాలు పెట్టి వాటిమీద బొమ్మలు అంటించినది. నాలుగు రోజులు బాగా సాగినది. ఐదవనాడు తండ్రి అరటిపండు తిని, పత్రిక చదువుతూ, తొక్కను పొడి డబ్బాలో వేశాడు. "నాన్నగారూ, అది తడి చెత్త" అన్నది పాప. "వేసిన తరువాత ఎవరు తీస్తారు, అంతా ఒక బండిలోకే కదా పోయేది" అన్నాడు తండ్రి. పాప మారుమాటాడలేదు. కొద్దిరోజులలో రెండు డబ్బాలు ఒకటి అయినవి. ఆ తండ్రి దుర్మార్గుడు కాడు, బిడ్డను ప్రాణంగా చూచుకొనేవాడే. ఈ సంగతి స్వయంగా ఆయనే వచ్చి మాకు చెప్పి, "ఆనాడు లేచి ఆ తొక్క తీసివేసి ఉంటే ఎంత బాగుండేది" అని బాధపడ్డాడు. పిల్లల సత్కార్యాలకు అడ్డు వచ్చేది చాలవరకు ఇట్టి అరటితొక్కలే.

ఇక ఆ ఉత్తరాల గుట్టలో మేము జవాబు చెప్పలేక పక్కన పెట్టిన ఒక కార్డు ఉన్నది. ఏడవ తరగతి చదివే ఒక అమ్మాయి వ్రాసినది. అందులోని సారాంశం ఇది. ఉదయం రెండు బిందెల నీళ్ళు తెస్తుంది. తమ్ముడికి స్నానం చేయించి, అన్నం తినిపించి, అంగన్‌వాడీలో దింపి బడికి వెళుతుంది. సాయంకాలం తల్లి పొలంనుండి వచ్చేలోగా గిన్నెలు తోమి, పొయ్యి రాజేస్తుంది. "మొన్న అన్నయ్య ఒక బిందె నీళ్ళు తెచ్చాడు. మా నాయనమ్మ వీధంతా చెప్పుకొన్నది. నేను రోజూ చేసేవి మంచి పనులా, ఊరికే పనులా?" అని అడిగినది.

ఈ కార్డు రెండు వారాలు మా బల్లమీదనే ఉండిపోయినది. పిల్లలకు పని అప్పగించాలని మేము ఇంతసేపు చెబుతున్నాము గదా, ఈ పిల్లకు అప్పగించిన పనులు చాలవా? పనిని ఇష్టంగా చేపట్టడం ఒకటి, మోయలేని బరువును మరొకరు దింపుకోనందున మోయడం మరొకటి. పదునాలుగేండ్లలోపు బిడ్డలను పనిలో పెట్టరాదని 1986 నాటి చట్టాన్ని 2016లో సవరించి గట్టిగా చెప్పారు. అయితే బడివేళలు కాని సమయంలో కుటుంబానికి సాయపడడం అందులో మినహాయింపు. ఆ మినహాయింపులోనే ఈ అమ్మాయి ఉదయమూ సాయంకాలమూ ఇమిడిపోయినవి. కొడుకు గ్లాసు కడిగితే గుణవంతుడు, కూతురు ఇరవై గిన్నెలు తోమితే అది సహజం! ఒకే ఇంటి కప్పు క్రింద మంచి పనికి రెండు కొలతలు నడుస్తున్నవి. ఆ కొలతలను ముందు కనిపెట్టినది ఏడవ తరగతి బాలిక గాని, నలభై దాటిన మేము కాదు.

రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని తెలుగునాట పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు, 1945లో "బాల" పత్రికను ప్రారంభించారు. పిల్లలు వ్రాసినదాన్ని అచ్చువేయడం, పిల్లల గొంతునే పిల్లలకు వినిపించడం వారి పద్ధతి. ఆ పద్ధతినే పాటించి, ఊరు పేరు చెప్పకుండా, ఆ కార్డును అంతే వయస్సుగల మరొక బాలికచేత ఉన్నదున్నట్లుగా చదివించాము. మేము దానికి పెద్దగా ఏమీ చేర్చలేదు. "అమ్మా, నీవు చేసేవి మంచి పనులే. అయితే వాటిలో సగం నీవి కావు" అన్నాము. తరువాత ఇది వింటున్న అబ్బాయిలను ఉద్దేశించి, ఒక వారంపాటు ఇంటికి కావలసిన నీరు మీరు తెచ్చి, ఏమైనదో వ్రాయండి అని కోరాము. ఈసారి పేర్లు చదవబోమని కూడ ముందే చెప్పాము.

వచ్చిన కార్డులు వ్రేళ్ళమీద లెక్కించదగినవి. చూపులేని వృద్ధుడు ఒక్క దానిలోను లేడు. ఒక అబ్బాయి బిందెను చంకన పెట్టుకోవడం చేతకాక భుజానికెత్తుకొంటే, కొళాయి దగ్గర ఆడవారందరూ నవ్వారట. రెండవనాడు తక్కువ నవ్వారు, మూడవనాడు ఒక పెద్దమ్మ బిందె ఎత్తడంలో సాయపడినదట. ఇంకొకడు, "బిందె ఇంత బరువని అక్క ఎప్పుడూ చెప్పలేదు" అని వ్రాశాడు.

నెల దాటిన తరువాత మొదటి అమ్మాయి దగ్గరనుండి మరొక కార్డు వచ్చినది. ఈసారి రెండే వాక్యాలు. "మా అన్నయ్య కార్యక్రమం విని మూడు రోజులు నీళ్ళు తెచ్చాడు, నాలుగో రోజు మానేశాడు. దయచేసి రేడియోలో మళ్ళీ చెప్పండి."

ఆ ఆదివారం మళ్ళీ చెప్పాము. ఈ రోజు కూడ చెబుతున్నాము.